మస్తానక్క కడిగిన మరుగుదొడ్డి

పొద్దున్నే నానబెట్టిన కుంకుడుకాయలు బకెట్లో పిసుకుతుంటే ఆ వాసన ముక్కుకు తగులుతుంది. అంత గొప్ప వాసనేం కాదు. కాస్త పులుపు, కాస్త చేదు, కొంచెం ఎక్కువ పీల్చామంటే గొంతులో గరగర. మంగళగిరిలో హైవే పక్కనున్న అద్దాల బిల్డింగులో నేను హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. అక్కడి మరుగుదొడ్లన్నీ నా చేతి కిందే ఉంటాయి. మొన్న కొత్తగా చేరిన సుజాత నా బకెట్లోకి తొంగి చూసి, "ఇది తలకి రుద్దుకునేది కదా మేడం?" అంది. నాకు నవ్వాగలేదు. ఒకప్పుడు అచ్చం ఇదే మాట నేను మస్తానక్కని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "తలకి పట్టిన జిడ్డేమన్నా మేలు జాతిదా? ఏడున్నా జిడ్డు జిడ్డే. పిసుకు," అంది. సుజాతకి కూడా అదే జవాబు చెప్పాను. ఆ పిల్లకి ఎంతవరకు ఎక్కిందో తెలియదు కానీ, నాకు మాత్రం మస్తానక్క ఎదురుగా వచ్చి నిలబడ్డట్టే అయింది.

అసలు పేరు మస్తాన్‌బీ. గుంటూరు మిర్చి యార్డుకి కాస్త అవతల ఒక షెడ్డు ఉండేది. ఎండుమిరపకాయలు గోతాల్లో అక్కడికి వస్తే, ఆడవాళ్ళం వరసలుగా కూర్చుని తొడిమలు తీసి, రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పడేసేవాళ్ళం. ఆ ముఠాకి మేస్త్రి మస్తానక్క. మనిషి పొట్టి. గొంతు మాత్రం షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడేది. నోట్లో వక్కపొడి లేకుండా ఆవిడని చూసిన గుర్తు లేదు. షెడ్డు నడిపే షావుకారు కూడా, ఆవిడ తన గదిలోకి వస్తే కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు. అణకువ అనేది ఆవిడ ఒంట్లో ఏ మూలా లేదు. ఆడదానికి అంత నోరు పనికిరాదని వెనక అనేవాళ్ళు ఉండేవారు. ఆ నోరే లేకపోతే నా సంగతి ఏమయ్యేదో వాళ్ళకేం తెలుసు.

మిరపకాయల్లో పెట్టిన చేతుల సంగతి పెట్టినవాళ్ళకే తెలుస్తుంది. ఎన్ని నీళ్ళు పోసి కడిగినా మంట వేళ్ళని వదలదు. ఆ చేతులతో మరుగుదొడ్డికి వెళ్తే ఆ పూటంతా నరకమే. అందుకని మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. మరుగుదొడ్డి తలుపు పక్కన మేకుకి వేరుశనగ నూనె సీసా వేలాడేది. ముందు చేతులకి నూనె రుద్దుకుని, పాత గుడ్డతో తుడుచుకుని, ఆ తర్వాతే లోపలికి వెళ్ళాలి. నూనెకి మంట దిగుతుంది. చేతులు బాగుపడ్డాయి కానీ ఆ నూనె చేతులే తలుపుకీ గోడకీ కుళాయికీ తగిలి, దాని మీద కారం దుమ్ము పడి, ఎర్రటి జిడ్డు పేరుకుపోయింది. లోపల కూర్చునే తొట్టి నిండా బోరు ఉప్పునీళ్ళ గార. నెలకోసారి ఒకతను వచ్చి యాసిడ్ పోసి వెళ్ళేవాడు. అతను వెళ్ళాక ఆ పొగా కారం ఘాటూ కలిసి కళ్ళు తెరవనిచ్చేవి కావు. గార పైపైన తెల్లబడేది, జిడ్డు మాత్రం కదిలేది కాదు. ఆ యాసిడ్ దెబ్బకి వెనక గుంతలో మురుగు కూడా సరిగా అరగక కంపు రోజురోజుకీ పెరిగేది. దాంతో మాలో చాలామంది సులువైన దారి పట్టారు. నీళ్ళు తాగడం మానేశారు.

ఆ ఎండాకాలం నాకు ఆరో నెల. తొలి కాన్పు. మా ఆయన ట్రాలీ ఆటో తోలేవాడు, ఇద్దరం పనికి పోతేనే ఇల్లు నడిచేది. ఒకరోజు కళ్ళు తిరిగి కాయల కుప్ప మీదే పడ్డాను. జ్వరం, ఒంటేలుకి వెళ్తే మంట. డాక్టరమ్మ చూసి, "నీళ్ళు బాగా తాగు. ఇట్లాగే బిగబట్టుకుని కూర్చుంటే బిడ్డకే ప్రమాదం," అంది. ఆ మాట మస్తానక్కకి చెప్పి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "నీ సీసా ఏదీ?" అంది. తెచ్చి చూపించాను. పొద్దున ఇంటి దగ్గర నింపుకొచ్చింది నింపుకొచ్చినట్టే ఉంది. ఆవిడ ఇంకేమీ అనకుండా వరసల మధ్య నడుచుకుంటూ ఒక్కొక్కరి సీసా ఎత్తి చూసింది. అన్నీ అంతే. అప్పుడు నా దగ్గరికొచ్చి, "దొడ్డి బాగుందో లేదో చూడాలంటే లోపలికి పోనక్కర్లేదే పిల్లా. ఆడోళ్ళ సీసాలు చూస్తే చాలు," అంది. అంత నెమ్మదిగా ఆవిడ మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను.

ఆ వారమే షావుకారు ఇంకో మాట అన్నాడు. "సోమవారం పెద్ద పార్టీ వస్తున్నారు కాయ చూట్టానికి. ఈ కంపు ముక్కుకి తగిల్తే బేరం చెడిపోద్ది. ఆ బాత్రూంకి తాళమేసి లోపల గోతాలు పెట్టించేస్తా." తాళం పడితే మాకు రోడ్డు అవతలి తుమ్మచెట్లే దిక్కు. మస్తానక్క నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఆదివారం ఒక్కరోజు నాకు వదిలెయ్యండి షావుకారు గారూ. సోమవారం పొద్దున మీరే లోపలికెళ్ళి చూడండి. బాగోపోతే మీరు కాదు, నేనే తాళం వేస్తా. మేస్త్రి పని కూడా మానుకుంటా." షావుకారు సరేనన్నాడు. మా వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. నా పక్క వరసలో కూర్చునే నాగేంద్రమ్మ అయితే పైకే అనేసింది. "మేం మిరక్కాయల పనికొచ్చాం గానీ దొడ్లు కడగటానిక్కాదు." మస్తానక్క వెనక్కి తిరిగి, "నిన్నెవరు రమ్మన్నారే? నేను కడుగుతా అన్నా," అంది. ముఠా మేస్త్రి దొడ్డి కడిగితే ఇక ఆవిడ మాట ఎవరు వింటారని ఆ సాయంత్రం బస్సులో అందరూ చెప్పుకున్నారు.

ఆదివారం షెడ్డుకి సెలవు. నేను వెళ్ళేసరికి మస్తానక్క చీర ఎగ్గట్టి సిద్ధంగా ఉంది. "కడుపుతో నువ్వెందుకొచ్చావే?" అని గదమాయించింది. "ఇదంతా నాకోసమే కదక్కా," అన్నాను. "నీ ఒక్కదానికోసమే అయితే ఇంత తంటా ఎందుకు, నిన్ను మా ఇంటికే తీసుకుపోయేదాన్ని," అని, బయట నీడలో ముక్కాలిపీట వేసి కుంకుడుకాయల పని నాకిచ్చింది. సోడా ఉప్పు ఇంట్లోది. వెనిగర్ వాళ్ళబ్బాయి నడిపే ఫ్రైడ్ రైస్ బండిది. టీ గిన్నెకి పట్టిన గార దాంతో పోతుందని ఆవిడకి తెలుసు. నిమ్మసోడా బండి దగ్గర పిండి పడేసిన తొక్కలు కూడా ఒక సంచి నిండా తెచ్చింది.

ఇన్నేళ్ళు మిరపకాయలతో బతికిన మనిషి, మొదట చేసిన పనేమిటో చెప్తే ఎవరూ నమ్మరు. జిడ్డు కరగాలని సలసల కాగే నీళ్ళు తీసుకెళ్ళి గోడలకి కొట్టింది. అంత కారం దుమ్ము ఉన్నచోట మరిగే నీళ్ళు పడితే ఇంకేముంది. పోపు మాడినట్టు ఘాటు గుప్పున లేచింది. మస్తానక్క చెంబు అక్కడే పారేసి బయటికి పరిగెత్తుకొచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా దగ్గుతూ రోడ్డెక్కాడు. ఆవిడ నీళ్ళ ట్యాంకు పక్కన చతికిలబడి, కళ్ళూ ముక్కూ కారుతుండగా నవ్వడం మొదలుపెట్టింది. "మిరక్కాయతో ఇన్నేళ్ళు కాపురం చేసి దీని బుద్ధి మర్చిపోయా చూడవే," అంది. నాకు నవ్వి నవ్వి డొక్కలు నొప్పెట్టాయి.

ఘాటు దిగాక మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. చీపురు పెడితే దుమ్ము లేస్తుందని, తడిగుడ్డతో అద్దుతూ కారమంతా తీసింది. తర్వాత తలుపుకీ గోడకీ నేలకీ సోడా జల్లి, పైన నా కుంకుడు రసం పోసి, అన్నం తినేదాకా వదిలేసింది. తొట్టిలో నీళ్ళు తోడేసి, గార పట్టినచోటల్లా వెనిగర్‌లో తడిపిన పాతచీర పేలికలు పరిచింది. నేను తెలివి చూపించబోయి, "సోడా, వెనిగరూ రెండూ కలిపి పోస్తే తొందరగా అయిపోద్దేమో అక్కా," అన్నాను. "పొంగు చూసి మురవటానికే. ఒకదాని బలం ఒకటి తినేసిద్ది. జిడ్డుకి సోడా, గారకి పులుపు. మధ్యలో నీళ్ళు," అంది. మేం అన్నం తిని లేచేసరికి ఆ ఎర్రజిడ్డు కొబ్బరిపీచుకి లొంగి వచ్చింది. గార మాత్రం మొండికేసింది. పేలికలు మళ్ళీ తడిపి పరిచింది, నిమ్మతొక్కలతో రుద్దింది, అలా సాయంత్రం దాకా దాని వెంటపడింది. గాలి వచ్చే కిటికీలో ఎవరో ఎప్పుడో కుక్కిన గోతాలు కూడా పీకేసింది. మధ్యలో నాగేంద్రమ్మ, ఊరికే ఇటు పోతూ వచ్చానంటూ దిగింది. కాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత తనే పీచు అందుకుని తలుపు రుద్దడం మొదలుపెట్టింది. మస్తానక్క ఆమెకి సోడా డబ్బా జరిపి తన పని తను చేసుకుంది.

సోమవారం పొద్దున షావుకారు ఒక చేత్తో తాళంకప్ప, ఇంకో చేత్తో ముక్కుకి రుమాలు పట్టుకుని వచ్చాడు. మేమందరం పని ఆపి చూస్తున్నాం. లోపలికి వెళ్ళాడు. బయటికి వచ్చేటప్పుడు రుమాలు జేబులో ఉంది. "ఏం పోశావు మస్తాన్‌బీ?" అన్నాడు. "మీ వంటింట్లో ఉండేయేనండీ," అంది. తర్వాత ఆయన్ని అక్కడే నిలబెట్టి, కుండ దగ్గరికెళ్ళి పెద్ద చెంబు నిండా నీళ్ళు ముంచుకొచ్చి నా చేతికిచ్చింది. "తాగు," అంది. అందరి ముందూ, షావుకారు ముందూ, గుటగుటా మొత్తం తాగేశాను. ఆ చల్లటి నీళ్ళు లోపలికి దిగుతుంటే కడుపులో బిడ్డ కదిలింది. నాకు ఏడుపొచ్చింది. నా వెనక నాగేంద్రమ్మ తన సీసా మూత తీసింది. తర్వాత ఒక్కొక్కరూ తీశారు. షావుకారు తాళంకప్ప పట్టుకుని తన గదికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పార్టీ వాళ్ళొచ్చి కాయ చూసుకుని పోయారు, మా బాత్రూం ఊసే ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు నుంచి దాన్ని వంతులేసుకుని మేమే కడుక్కున్నాం. మస్తానక్క మాట వినేవాళ్ళు తగ్గలేదు సరికదా, ఆవిడ వంతు రోజున పీచు పట్టుకుని వెనకాల వెళ్ళడానికి మాలో మేం పోటీ పడేవాళ్ళం.

మంగళగిరిలో నాకు ఈ ఉద్యోగం వచ్చాక ఆవిడని ఒకసారి ఆఫీసుకి తీసుకొచ్చాను. అప్పటికి మోకాళ్ళు అరిగిపోయి మెట్లెక్కలేకపోయేది. లిఫ్టులో గోడ పట్టుకుని నిలబడింది. యాసిడ్ సీసా గేటు దాటి లోపలికి రాకూడదని నేను మేనేజరుతో వాదించి ఒప్పించిన సంగతి చెప్తే తలూపింది. ఒక్కొక్క బాత్రూమూ చూసింది. చివరి దాంట్లో వంగి, తొట్టి వెనక సందులో వేలు పెట్టి తుడిచి, ఆ వేలు నా మొహం ముందు పెట్టింది. "ఇక్కడ తుడవలా," అంది. అంతే, ఇంకో మంచి మాట లేదు. నాకు కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం. కిందికి దిగాక ఆటో కోసం చూస్తుంటే, ఆవిడ సెక్యూరిటీ అతని దగ్గరికెళ్ళి ఆ పెద్ద గొంతుతో అనడం విన్నాను. "ఈ బిల్డింగు మొత్తం శుభ్రం చేయించేది మా పిల్లే. నేనే నేర్పా." ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా ఛాతీ పొంగుతుంది. ఆ తర్వాత కొన్ని నెలలకే ఆవిడ పోయింది. ఆ రోజు నా కడుపులో కదిలిన పిల్ల ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. మస్తానక్క చివరి చూపుకి నాతో పాటే వచ్చింది.

ఆఫీసుకి వచ్చేవాళ్ళు మా బాత్రూముల మెరుపు చూసి మెచ్చుకుంటారు. వాళ్ళు మెచ్చుకోవడం నాకు ఇష్టమే, కాదనను. కానీ నేను చూసుకునేది వేరే ఉంది. మొన్న మధ్యాహ్నం సామాన్ల గదిలో సుజాత సంచి పక్కన నీళ్ళ సీసా కనిపించింది. ఎత్తి చూశాను. మూత కూడా తీయలేదు. ఇంతకుముందు పనిచేసిన చోట అలవాటట, సాయంత్రం ఇంటికెళ్ళాకే తాగుతుందట. నేను మూత తీసి సీసా ఆ పిల్ల చేతికిచ్చాను.

"తాగు," అన్నాను. ఆఖరి గుటక దాకా అక్కడే నిలబడ్డాను.