తేదీ వెయ్యని కవరు

పదేళ్లకు పైగా ఒక్క వాక్యం నా గొంతులో అడ్డం పడి ఉంది. చెప్పడానికి ఒక నిమిషం కూడా పట్టదు. చెప్పాల్సిన రోజు చెప్పలేదు. చెప్పాలని పరుగెత్తిన రోజు, వినాల్సిన మనిషి దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

తొంభైల చివర బెంగళూరులో ఒక సంస్థలో ఆర్థికశాస్త్రం చెప్పేవాణ్ణి. మా శాస్త్రంలోకెల్లా పెద్ద బహుమతి ఏటా అక్టోబరులో ఒక సాయంత్రం ప్రకటిస్తారు. అది ఎవరికొస్తుందో ముందే ఊహించడం మాకో సరదా. ఒక్క పేరు రాసి, కవరులో పెట్టి అంటించి, అంతకుముందు శుక్రవారం లోపు నాకివ్వాలి. అందిన తేదీ కవరు మీద వేసి నేను బీరువాలో పెట్టేవాణ్ణి. ప్రకటన మర్నాడు ఉదయం అందరి ముందూ చింపేవాళ్ళం. వరసగా రెండేళ్లు నా ఊహే నిజమైంది. క్యాంటీన్లో నన్ను జోస్యులుగారని పిలిచేవాళ్ళు. పైకి విసుక్కునేవాణ్ణి. లోపల ఎంత పొంగిపోయేవాణ్ణో!

రత్నమ్మ మా లైబ్రరీలో తాత్కాలిక ఉద్యోగి. దొడ్డబళ్ళాపురం నేతపనివాళ్ల ఇంటి ఆడబిడ్డ. నాకంటే నాలుగేళ్లు పెద్దది, అయినా నువ్వనేవాణ్ణి. చిరిగిన పత్రికలు అతికించడం, బైండింగుకు పంపడం ఆమె పని. తొమ్మిదేళ్లు పనిచేశాక, నేను రెండోసారి గెలిచిన మరుసటి ఏడాది, పర్మనెంటు చెయ్యాల్సినవాళ్ల జాబితాలో ఆమె పేరు చేరింది. కవర్లివ్వాల్సిన శుక్రవారం నా గదికొచ్చి తనూ ఒక కవరిచ్చింది. నవ్వొచ్చింది. ఎలా కనిపెట్టావని అడిగాను.

"ఎవురి పేజీలు ఎక్కువ నలిగుండాయో చూస్తా సార్. ఈయనవి మూడుసార్లు అతికించినా."

అందరి కవర్ల మీదా తేదీ వేసిన నేను ఆమె కవరు మీద వెయ్యలేదు. మర్చిపోయానా? లేదు. ఆమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

ప్రకటన మర్నాడు కవర్లు చింపాం. నా పేరు తప్పు. అందరివీ తప్పే. చివర్లో ఆమె కవరు. బహుమతి వచ్చినాయన పేరు కన్నడ అక్షరాల్లో పొందిగ్గా రాసి ఉంది. ఎవరో నవ్వి, నిన్న రేడియోలో విని రాసుంటుందన్నారు. డైరెక్టరు కవరు తిప్పి చూశారు. తేదీ లేదు. ఇది ఎప్పుడిచ్చిందని నన్నడిగారు.

రత్నమ్మ తలుపు దగ్గరే ఉంది. "శుక్రారమే మీ చేతికిచ్చినా కదా సార్? చెప్పండి సార్."

"లేదు రత్నమ్మా," అన్నాను. "ఈ పొద్దున కదా ఇచ్చావు."

గొంతు కూడా వణకలేదు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "అట్లనా సార్," అని వెళ్లిపోయింది.

ఎందుకలా అన్నాను? తేదీ వెయ్యని తప్పు బయటపడకూడదని అన్నానని చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అది అబద్ధం. కాగితాలు అతికించే మనిషి నన్ను గెలిచిందని ఆ గదిలో అందరూ చూస్తుంటే తట్టుకోలేకపోయాను. అంతకన్నా మంచి కారణం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

మోసం చేసే మనిషి లైబ్రరీలో ఎందుకని డైరెక్టరు జాబితాలో ఆమె పేరు కొట్టేశారు. నెల తిరక్కుండా మానేసింది. బొమ్మనహళ్ళిలో బట్టల ఫ్యాక్టరీలో చేరిందని విన్నాను. అప్పుడైనా వెళ్లి నిజం చెప్పొచ్చుగా? రోజూ రేపు చెబుదామనుకునేవాణ్ణి.

మరుసటి అక్టోబరులో నాకో పోస్టుకార్డు వచ్చింది. అవే పొందికైన కన్నడ అక్షరాల్లో ఒక ఆర్థికవేత్త పేరు. అంతే. సంతకం లేదు, ఆమె చిరునామా లేదు. బహుమతి వేరెవరికో వచ్చింది. ఆ పై ఏడూ కార్డు వచ్చింది, అదీ తప్పే. ఏడేళ్లలో ఏడు కార్డులు, ఒక్కటీ నిజం కాలేదు. లైబ్రరీ లేకుండా ఎవరి పేజీలు నలిగాయో ఆమెకెలా తెలుస్తుంది? సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదట్లో ఊరటగా కూడా అనిపించింది. నాలుగో కార్డుకు గానీ నా బుర్రకెక్కలేదు, నేను చూడాల్సింది పోస్టాఫీసు ముద్ర అని. ప్రతి కార్డు మీదా బొమ్మనహళ్ళి ముద్ర, బహుమతికి ముందు శుక్రవారం తేదీ. నేను వెయ్యని తేదీని ఆమె ఏటా వేయించి పంపుతోంది. ఆ రోజు క్లాసుకు వెళ్లలేకపోయాను. అయినా ఆమెను వెతకలేదు.

ఎనిమిదో ఏడు కార్డు రాలేదు. అప్పుడు పరుగెత్తాను. బొమ్మనహళ్ళి ఫ్యాక్టరీల గేట్ల దగ్గర, షిఫ్టు వదిలే వేళ నిలబడి కనిపించిన ఆడవాళ్లనల్లా అడిగాను. దొడ్డబళ్ళాపురం మగ్గాల వీధుల్లో అడిగాను. "ఏ రత్నమ్మప్పా? ఇంటిపేరేమి?" అన్నాడొక ముసలాయన. నాకు తెలియదు. మా ఆఫీసులో అడిగితే తాత్కాలికుల కాగితాలు ఎప్పుడో పారేశామన్నారు. డైరెక్టరు పోయారు. ఆ రోజు గదిలో ఉన్న ఒకాయన దగ్గర మాట కదిపితే, "ఏ రత్నమ్మ?" అన్నాడు. ఇంకెవరి దగ్గరికి పోను?

క్షమించమని అడిగే హక్కు నాకు లేదు, క్షమించడానికి మీరు రత్నమ్మా కాదు. ఆ కవరు ఇంకా నా దగ్గరే ఉంది. ఇవాళ దాని మూల తేదీ వేద్దామని కలం తీశాను. చెయ్యి ఆగిపోయింది. ఇప్పుడు వేస్తే అది ఇంకో అబద్ధం. అందుకే కవరు మీద కాకుండా ఇక్కడ రాస్తున్నాను. రత్నమ్మ ఆ కవరు శుక్రవారమే, మధ్యాహ్నం భోజనానికి ముందే, నా చేతికిచ్చింది.