సత్తెమ్మ కోసం గాలిచక్రం

మల్లేశం గాలితో కరెంటు తీస్తానన్నప్పుడు నేను పగలబడి నవ్వాను. ఆ తప్పు ముందే ఒప్పుకుంటున్నాను. భివండీ నిజాంపురాలోని మా ఎలక్ట్రికల్ దుకాణానికి వచ్చి అతను సైకిల్ డైనమో అడిగాడు. నాలుగు డయోడ్లు, ఆరు వోల్టుల బ్యాటరీ, అప్పుడప్పుడే బజారుకొచ్చిన తెల్ల ఎల్‌ఈడీ దీపం కూడా కావాలన్నాడు.

"ఏమయ్యా, గాలికి పోగులు తెగుతాయని ముప్పై ఏళ్లుగా కార్ఖానా కిటికీలు మూయించిన మనిషివి. ఇప్పుడు దాన్నే పిలిచి పీట వేస్తావా?" అన్నాను.

"నవ్వితే నవ్వు సేటూ. సామాను మాత్రం మంచిదియ్యి."

గైబీ నగర్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, చెడిపోతే బాగుచేసే మేస్త్రి అతను. పెళ్లయిన ఏడాదే కరీంనగర్ వైపు నుంచి భివండీ వచ్చాడు. కాపురం కార్ఖానా పైనున్న రేకుల గదిలో. భార్య సత్తెమ్మ పాతికేళ్లు ఆ సాంచెల పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టింది. ఆ చప్పుడు ఆమె చెవులను పూర్తిగా తినేసింది. అయినా ఆమెకు పెద్దగా లోటు తెలియలేదు. కార్ఖానాలో పనిచేసిన వాళ్లకు పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటే. ఒకసారి వాళ్లింట్లో టీ పలచగా ఉందని నాలో నేను గొణుక్కుని అడ్డంగా దొరికిపోయాను.

2006 ఎండాకాలంలో కరెంటు కోత సాయంత్రాలకు వచ్చింది. ఏడింటికి పోతే పదింటికి వచ్చేది. మల్లేశం ఏడింటికి పని దిగి, పదింటికల్లా పడుకుని, తెల్లారి ఆరింటికి మళ్లీ కిందికి దిగాలి. ఆలుమగలు తీరిగ్గా మాట్లాడుకునేది ఆ మూడు గంటలే. సాంచెలన్నీ ఆగిపోయి పక్కింటి దగ్గు కూడా వినపడే వేళ, సత్తెమ్మకు మాత్రం చీకట్లో మొగుడి మాట అందేది కాదు. నూనె దీపం పెడదామంటే దూది నూగు ఎగిరేచోట దీపాన్ని యజమాని వెలిగించనివ్వడు. నేనమ్మిన ఎమర్జెన్సీ లైట్లు రెండూ ఎగిరిపడే వోల్టేజీకి మాడిపోయాయి. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

"చీకట్ల గోడకు ఒరిగి కూసుంటది సేటూ. నేను పక్కకే ఉన్నా లేనట్టే. గాలికైతే కోత లేదు గద!" అన్నాడు మల్లేశం ఆ రోజు దుకాణంలో. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

అంజూర్ ఫాటా తుక్కు గోదాములో పాత సైకిల్ చక్రం ఏరుకొచ్చాడు. నూనె డబ్బాలు కత్తిరించి రేకు రెక్కలు చేసి, వాటిని చువ్వలకు బిగించాడు. టైరుకు డైనమో ఆనించాడు. చక్రం తిరిగితే డైనమో తిరగాలి, బ్యాటరీ నిండాలి. మూడు వారాలైనా అది కదల్లేదు. నేను వెళ్లి చూస్తే నీళ్ల ట్యాంకు చాటున, గాలి తగలనిచోట భద్రంగా నిలబెట్టి ఉంది. కిటికీలు మూసీ మూసీ చేతులకు అదే అలవాటైపోయింది పాపం! తల బాదుకుని, ఇద్దరం కలిసి దాన్ని ఇనుప గొట్టం మీద ట్యాంకుకన్నా ఎత్తులో నిలబెట్టాం. ఖాడీ వైపు నుంచి, ఆ సముద్రపు పాయ మీదుగా గాలి వీచగానే రెక్కలు గలగలమంటూ తిరిగాయి. నాలుగు రోజులకు బ్యాటరీ నిండింది.

ఆ సాయంత్రం భోజనానికి నన్నూ రమ్మన్నాడు. ఏడింటికి కోత పడింది. సాంచెలు ఆగాయి. మల్లేశం మీట నొక్కాడు. దీపం వెలిగింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

"కనపడుతుందా?" అని అడిగాడు. సత్తెమ్మ పలకలేదు. మళ్లీ అడిగాడు.

"అన్నం కనపడుతుంది. నువ్వేడున్నవ్?" అంది ఆమె, కంచం మీది వెలుగు చూస్తూ.

అప్పుడు చూశాను. సాంచె మీద బల్బు కట్టినట్టే కట్టాడు మహానుభావుడు. పైన రేకు టోపీ పెట్టి, వెలుగంతా కిందికి పడేలా దించాడు. సాంచె మీద వెలుగు గుడ్డ మీద పడితే చాలు, మనిషి ముఖంతో పనేముంది? ఇక్కడ గుడ్డకు బదులు కంచాలు మెరుస్తున్నాయి. ఇన్నాళ్లూ ఎవరికోసం పాటుపడ్డాడో ఆమెకు అతని ముఖమే కనపడలేదు.

సత్తెమ్మ లేచి తీగ విప్పి, రేకు టోపీ పీకేసి, దీపాన్ని అతని ముఖం ఎదుట మేకుకు తగిలించింది. వెలుగుకి అతను కళ్లు చికిలించాడు.

"ఇగ చెప్పు," అంది.

"ఏం చెప్పాలె?"

"ఏదన్న చెప్పు."

నా వైపు చూశాడు, కంచం వైపు చూశాడు. "పప్పుల ఉప్పు తక్కువైంది," అన్నాడు.

"ఇయ్యాల్నేనా?"

"లైట్ పోవుడు మొదలైనకాంచి తక్కువనే ఏస్తున్నవ్."

"మరి గిన్ని దినాలు చెప్పకపోతివి?"

"చెప్పిన. రోజూ చెప్పిన."

సత్తెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు, నాకైతే కళ్లు తడిశాయి. ఆమె ఉప్పు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టి, గడ్డం పట్టి ముఖాన్ని వెలుగువైపు తిప్పింది.

"ఇంకేమేం చెప్పినవ్? అన్నీ మళ్ల చెప్పు."