మా గోడ అవతలి హార్మోన్ల మేడమ్

మా ప్రహరీ గోడ అవతలి ఇంట్లో ఉండే మేడమ్ పోయిన మంగళవారం తెల్లవారి నిద్ర లేవలేదు. "అక్క పలకడంలా, ఒకసారి రండి" అని ఆమె చెల్లెలు గోడ మీదుగా కేకేసింది. నేనూ నా భార్యా చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాం. అప్పటికే చెయ్యి చల్లబడి ఉంది. కాసేపటికే మా కాలేజీ రిటైర్డ్ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. బతికుండగా ఆమె మాట పూర్తిగా విననివాళ్లే ముందుగా పంపారు.

ఆమె నెల్లూరులో నేను పనిచేసిన కాలేజీలోనే జంతుశాస్త్రం చెప్పేవారు. నేను అక్కడ లైబ్రేరియన్ని. పిల్లలు ఆమెను హార్మోన్ల మేడమ్ అనేవారు. శనివారం జరిగిన సంతాప సభలో జంతుశాస్త్రం డిపార్ట్‌మెంట్ పాత హెడ్డుగారు ఆమె గురించి మాట్లాడారు. సాధుస్వభావి అన్నారు. తక్కువ మాట్లాడేవారన్నారు. ఎవరినీ నొప్పించేవారు కాదన్నారు. చేపల పులుసు అద్భుతంగా చేసేవారన్నారు. వీటిలో చివరిదొక్కటే నిజం. ఆ సంగతి కూడా ఆయన ఎవరి నోటనో విని ఉండాలి, ఆమె ఆయన్ని ఏనాడూ భోజనానికి పిలవలేదు. నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. రెండు మాటల్లో అయ్యే పని కాదని కూర్చుండిపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కాలేజీలో పీజీ పెట్టినప్పుడు హార్మోన్ల పేపరు ఆమెకే రావాలి. డాక్టరేటు చేసింది అందులోనే. హెడ్డుగారు ఆ పేపరు తన దగ్గరే పెట్టుకుని, తాను విద్యార్థిగా ఉన్నప్పుడు రాసుకున్న నోట్సు చదివి రాయించేవారు. ఆయన లైబ్రరీ గడప తొక్కింది పత్రికల వాళ్లు ఫోటో తీయడానికి వచ్చిన రోజే. మేడమ్ మాత్రం సాయంత్రం క్లాసులయ్యాక పిల్లల్ని వెంటబెట్టుకుని లైబ్రరీకి వచ్చి, వెనక బల్ల చుట్టూ కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టేవారు. దగ్గినా ఊరుకోనివాడినని నాకు పేరు. ఆమెను మాత్రం ఎప్పుడూ ఆపలేదు. బీరువాలు సర్దుతున్నట్టు నటిస్తూ నేనూ వినేవాణ్ణి. చాలా చదివాను గానీ, నా ఒంట్లో ఏం జరుగుతుందో ఆమె చెప్పేదాకా నాకు తెలియదు.

"పుస్తకాల్లో తాళం, తాళంచెవి అని రాసుంటది. అది మర్చిపోండి" అనేవారు. "తాళంచెవి దూరితే తాళం ఆకారం మారదు. ఇక్కడ హార్మోను వచ్చి కూర్చుంటే దాన్ని పట్టుకునే ప్రోటీను ఉందే, రిసెప్టరు, దాని ఆకారమే మారిపోతది."

తర్వాత లేచి నిలబడి తన ఒంటినే రిసెప్టరుగా చూపించేవారు. పొట్ట దగ్గర హార్మోనును పట్టుకునే గుంట. ముందుకు చాచిన చేతి రెండు వేళ్లు డీఎన్‌ఏ మీద ఆనే భాగం. ఆ వేళ్లు విడిపోకుండా జింకు పట్టి ఉంచుతుంది. తల వైపు, పనికి మిగతా ప్రోటీన్లను పిలిచే భాగం. అంతటితో ఆగక ఒక అమ్మాయిని లాగి పక్కన నిలబెట్టుకునేవారు. "ఇది ఒంటరిగా పోదు. ఇంకోదాంతో జతగట్టి పోయి, డీఎన్‌ఏలో తనదైన చోటు ఎతుక్కోని కూర్చుంటది. అప్పుడు గదా జీన్ మేలుకునేది."

ఒకసారి మైపాడు రోడ్డు రొయ్యల గుంటల నుంచి టిఫిన్ డబ్బాలో ఒక మెత్త రొయ్యను తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఇది చెడిపోయింది మేడమ్" అన్నాడు ఒక విద్యార్థి.

"చెడిపోలేదబ్బయ్యా. పాత చొక్కా విడిచింది, కొత్తది ఇంకా గట్టిపడలా. విడవమని చెప్పింది కూడా స్టిరాయిడ్ హార్మోనే. నీకూ రొయ్యకూ చుట్టరికం ఉండాది."

"మా నాయన కూడా అదే అంటాడు మేడమ్."

ఆ నవ్వులకు కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే ఒక మందు గురించి చెప్పిన రోజు నాకు ఇంకా బాగా గుర్తు. రిసెప్టరు చివర ఒక చిన్న మెలిక ఉంటుందట. హార్మోను లోపలికి రాగానే అది మూతలా పడుతుంది. ఆ మూత పడిన తీరును బట్టే సహాయం చేసే ప్రోటీన్లు వచ్చి అంటుకుంటాయి. ఈ మందు హార్మోను చోట్లో దూరి మూతను సరిగ్గా పడనివ్వదు.

"అంటే సీటు ఆక్రమించుకోవడమా మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది.

"ఆక్రమించుకోని గమ్మున కూర్చుంటది. తాను పని చెయ్యదు, చేసేదాన్ని రానియ్యదు."

పిల్లలందరూ ఒక్కసారిగా హెడ్డుగారి గది వైపు తలలు తిప్పారు. మేడమ్ కూడా అటే చూసి, "మందుకైతే అది మంచి గుణమే. మనుషులకు గాదు" అన్నారు. ఆ మాట చేరవలసిన చోటికి చేరింది. రిటైరయ్యే దాకా ఆమెకు ఆ పేపరు రాలేదు. శనివారం సభలో ఆయన మాట్లాడుతుంటే ఆ మూత సంగతే తలుచుకుంటూ కూర్చున్నాను.

ఇంతకూ ఆమెకు నేను రుణపడింది పాఠాలకు కాదు.

నా భార్యకు ఉబ్బసం. ఏళ్లుగా రోజూ స్టిరాయిడ్ మాత్ర వేసుకునేది. కొన్నేళ్ల కిందట ఈస్టరుకు ముందు మా చర్చిలో నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో మావాళ్లు పగటి భోజనంతో పాటు ఇష్టమైనదేదో ఒకటి వదులుకుంటారు. ఒకరు మాంసం, ఒకరు కాఫీ, ఒకరు టీవీ సీరియళ్లు. నా భార్య ఎవరికీ చెప్పకుండా మాత్ర వదిలేసింది. ఆ మాత్రతో ఆకలి ఎక్కువవుతుంది కదా, ఆకలిని పెంచేది మింగి ఉపవాసమంటే దేవుణ్ణి మోసం చేసినట్టే అని ఆమె లెక్క. కొద్ది రోజుల్లోనే లేచి నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు. ప్రార్థన కూటమి ఆడవాళ్లు వచ్చి, "ఉపవాసమన్నాక నీరసం ఉండదా అంకుల్, ఆమె భక్తి అట్లాంటిది" అని మెచ్చుకుని పోయారు. నేను దేవుణ్ణి నమ్ముతాను. ఆయన తరఫున మాట్లాడేవాళ్లను నమ్మను. కానీ ఆ రోజు నాకూ ఏమీ తోచలేదు.

మధ్యాహ్నం మేడమ్ ఏదో పనిమీద వచ్చి, గోడకు చేరగిలబడి ఉన్న నా భార్యను చూశారు.

"ఏమ్మే, పొద్దున మాత్ర ఏసుకున్నావా?"

ఈమె ముఖం పక్కకు తిప్పుకుంది.

"నిన్నే అడిగేది."

"ఉపవాసం గదక్కా... వదిలేసినా."

"ఎప్పట్నించి?"

"మొదలైన కాడ్నించి."

మేడమ్ గిరుక్కున నా వైపు తిరిగారు. "ఆటో పిలవండి సార్. చొక్కా తర్వాత మార్చుకుందురు గానీ, ముందు ఆటో" అన్నారు. దారి పొడుగునా, స్పృహ తప్పుతున్న నా భార్య తల ఆమె ఒళ్లోనే ఉంది. ఆస్పత్రిలో కుర్ర డాక్టరుకు ఆమె ఒక్క వాక్యమే చెప్పారు: ఏళ్లుగా స్టిరాయిడ్ మాత్రలు, ఉన్నట్టుండి ఆపేసింది. అతను ఇంకేమీ అడగకుండా ఇంజెక్షన్, సెలైన్ మొదలుపెట్టాడు. బీపీ బాగా పడిపోయిందని, ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని తర్వాత చెప్పాడు.

వరండాలో బల్ల మీద నేను కూర్చున్నాను. "ఇంజెక్షన్ ఇచ్చారు కదా మేడమ్, ఇంకా కళ్లు తెరవదేం?" అన్నాను.

ఏమీ కాదు, ధైర్యంగా ఉండండి లాంటి మాటలు ఆమె అనలేదు. పాఠం చెప్పారు.

"మందు రక్తంలోకి పోయింది సార్. ఇప్పుడు కణంలోకి దూరుతుండాది. లోపల రిసెప్టర్లు తోడు ప్రోటీన్ల మధ్యన కాసుకోని ఉంటాయి. మందు తగలంగానే ఆ తోడు వదిలించుకోని కేంద్రకంలోకి పోతాయి. జీన్లు మేలుకోవాల, కబురు బయటికి రావాల, ప్రోటీను తయారవాల. కబురందిన నిమిషానికే కూడు ఉడుకుతుందా?"

"మరి ఆమె ఒంట్లో దానంతటదే తయారయ్యే స్టిరాయిడ్ ఏమైంది?"

"బయటి నుంచి రోజూ వస్తుంటే మెదడు కబురు పంపడం మానేసింది. ఇదే రిసెప్టరు ఒక జీన్‌ను లేపతది, ఇంకోదాన్ని పడుకోబెడతది. కబురు లేక, దాన్ని తయారుచేసే గ్రంథి నిద్రపోయింది. దాన్ని నెమ్మదిగా లేపాల. మంచం మీంచి తోసేస్తే ఎట్లా?"

ఆమె చెబుతూనే ఉన్నారు. నేను మనసులో ఆ మందు వెంటే నడిచాను. కణం గోడ దాటాను, కేంద్రకంలోకి వెళ్లాను, జతలు జతలుగా కూర్చుంటున్న రిసెప్టర్లను చూశాను. నా జీవితంలో ఏ ప్రార్థనా నన్ను అంతసేపు నిలబెట్టలేదు. పొద్దు వాలుతుండగా నర్సు వచ్చి పిలిచింది.

నా భార్య కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట: "ఉపవాసం చెడిందా అక్కా?"

"చెడిందిమే. నేనే చెడగొట్టినా. దేవుడు అడిగితే నా పేరు చెప్పు."

డాక్టరు ఆ తర్వాత చాలా నెమ్మదిగా మోతాదు తగ్గిస్తూ వచ్చాడు. ఇప్పటికీ చిన్న మాత్ర ఒకటి ఉంది. అప్పటి నుంచి రోజూ పొద్దున టిఫిన్లయ్యాక మేడమ్ గోడ దగ్గరికి వచ్చి నిలబడేవారు. ఈమె ఇటు నుంచి మాత్ర వేసుకుని నీళ్లు తాగాలి.

"నోరు తెరువు."

"చిన్నపిల్లనా అక్కా?"

"చిన్నపిల్లలే నయం. నాలుక ఎత్తు, కింద కూడా చూడాల."

చూసి, "ఊ" అని లోపలికి వెళ్లిపోయేవారు. వానైనా గొడుగు వేసుకుని వచ్చేవారు.

ఆమెను సమాధి చేసి వచ్చిన మర్నాడు పొద్దున నేను పేపరు చదువుతున్నాను. నా భార్య గ్లాసు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లింది. మాత్ర వేసుకుంది, నీళ్లు తాగింది. అవతల ఎవరూ లేరు, తీగ మీద మేడమ్ చీర ఒకటి ఎవరూ తీయక అట్లాగే ఆరుతోంది. ఈమె అటే చూస్తూ నోరు తెరిచింది. నాలుక పైకెత్తి, అట్లాగే ఉండిపోయింది.