మా వంటక్క మూత వేసిన డబ్బా

పోయిన శనివారం పొద్దున బట్టలు ఇస్త్రీ చేస్తుంటే ఫోన్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. మా వంటక్క కూతురిది. "పిన్నీ, అమ్మ నిన్న సాయంత్రం పోయింది. గుండె ఆగిపోయిందన్నారు. నీకు ముందు చెప్పమని ఎప్పుడో చెప్పి పెట్టింది." రెండుసార్లు విన్నాను. చేతిలో పని సగంలో వదలొద్దని నేర్పింది ఆమే కాబట్టి మిగిలిన రెండు చొక్కాలు కూడా ఇస్త్రీ చేసి, మడిచి పెట్టి, అప్పుడు వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఏడ్చాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో ఇక్కడ ఆమెను ఎవరూ పిలవలేదు. ఒమాన్ దేశంలోని ఈ సోహార్‌లో మేం పనిచేసిన ఇంట్లో నాకు వంటక్క, ఆ ఇంటి పిల్లలకు అక్క. ఆమెది గోదావరి లంక, నాది కడప వైపు. ఇల్లు కొలంబియా నుంచి వచ్చినవాళ్ళది. సారుకి పోర్టు దగ్గరి కంపెనీలో ఇంజనీరు డ్యూటీ. వాళ్ళలో వాళ్ళు స్పానిష్ మాట్లాడుకునేవాళ్ళు, మాతో ఇంగ్లీషు. అక్క మాత్రం అందరితోనూ తెలుగే మాట్లాడేది, మధ్యలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు పోపు వేసినట్టు వేసేది. అయినా పని జరిగిపోయేది. వంట, బజారు ఆమెవి. ఉతకడం, తుడవడం నావి.

కూరలో ఉప్పు రుచి చూసేది కాదు, వాసనను బట్టి చెప్పేసేది. వాళ్ళు తినే మొక్కజొన్న రొట్టెలు మేడమ్ చేతిలో కంటే ఈమె చేతిలో బాగా వచ్చేవి. వాళ్ళ దేశంలో బెల్లం నీళ్ళలో నిమ్మకాయ పిండుకుని తాగుతారని మేడమ్ చెప్పిన రోజు, అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. "ఇది మా పానకవేనమ్మా" అని, ఇండియన్ షాపు నుంచి తెచ్చిన బెల్లం అచ్చు తీసి మేడమ్ చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ మాట కలిసింది.

ఆమె ఎడమ బుగ్గ మాత్రం ఎప్పుడూ కాస్త ఉబ్బి ఉండేది. పొగాకు. లంకల్లో పొగాకు పండించే ఇంట్లో పుట్టింది. వాళ్ళ నాయనమ్మ చుట్ట తాగేదట, ఈమె ఆకు ముక్క బుగ్గన పెట్టుకునేది. ఈ దేశంలోకి అది తేనివ్వరు. అయినా ఊరి నుంచి వచ్చేవాళ్ళ సామానులో ఎండు చేపల మధ్య చుట్టుకుని కొంచెం కొంచెం వచ్చేది. కందిపప్పు డబ్బా అడుగున దాచేది. నాకు తెలుసు. ఇంకెవరికీ తెలీదనుకునేవాళ్ళం.

ఇప్పుడు నా నిర్వాకం చెప్పాలి. మూడేళ్ళ కిందటి మాట. పెద్దపిల్లాడు మతేయోకి అప్పుడు పదహారు. బట్టలు మెషిన్‌లో వేసేముందు జేబులు చూడాలి, ఆ రోజు చూడలేదు. తీరా తీశాక వాడి ప్యాంటులోంచి వేలెడంత నీలం రంగు వస్తువొకటి పడింది. ఒక చివర ఛార్జింగ్ పెట్టే కన్నం ఉంది. కంప్యూటర్ తాలూకు ఖరీదైన వస్తువేదో తడిపేశాననుకున్నాను. ఫోను తడిస్తే బియ్యంలో పెడతారు కదా, నేనూ దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాను.

మర్నాడు అక్క బియ్యం కొలవబోయి ఆగిపోయింది. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికి ఆ వస్తువు బయటికి లాగింది.

"ఇదేంటే అమ్మాయ్? బియ్యం మామిడిపండు వాసనేత్తన్నాయి."

"మతేయోదక్కా. నేనే తడిపినా. ఎండుతాదని పెట్టినా. మేడమ్‌కు చెప్పొద్దు, నా పని పోతాది."

అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది పొగ పీల్చేది. బియ్యం మొత్తం పారెయ్, పిట్టలక్కూడా ఎయ్యకు."

"నీకెట్ల తెలుసు?"

"పొగాకు పుట్టిన ఊరు మాది. పైన మామిడిపండు వాసన పూసినా నాకు తెలవదా? నెల్రోజుల్నించీ చూత్తన్నా. తింటా తింటా లేచి బాత్రూంకి ఎల్తన్నాడు. కూచుంటే జేబులు తడుంకుంటన్నాడు. ఆ తడుంకోడం నాకు తెలుసు."

"మనకెందుకక్కా, పెద్దోళ్ళ ఇల్లు" అన్నాను.

"ఇల్లు పెద్దోళ్ళదే. పిల్లాడు పిల్లాడేగా."

స్కూల్ బస్సు మూడున్నరకి వచ్చేది. మతేయో వచ్చి కూర్చోగానే, రొట్టె పెట్టిన ప్లేటులోనే పక్కన ఆ నీలం వస్తువు కూడా పెట్టింది. వాడు ఒప్పేసుకున్నాడు. అప్పటికే స్కూల్లో ఒకసారి ఈ-సిగరెట్‌తో దొరికాడట. రెండోసారి దొరికితే పంపించేస్తామని రాసి సంతకం పెట్టించుకున్నారట. ఆ కాగితం మీద అమ్మ సంతకం వాడే పెట్టాడు. ఫుట్‌బాల్ టీమ్‌లో పరిగెత్తలేక కూర్చుండిపోతున్నాడని కూడా అప్పుడే తెలిసింది. అక్క తెలుగులో దులిపేసింది. వాడు తల వంచుకుని అంతా విని, ఒక్కటే అడిగాడు.

"అక్కా, వాట్ ఈజ్ ఇన్ యువర్ మౌత్?"

వాడు పొగరుగా అడగలేదు, కందిపప్పు డబ్బా వైపు చూసి అడిగాడు. అక్క సింకు దగ్గరికి వెళ్ళి ఉమ్మేసి, నోరు పుక్కిలించింది. తన స్టీలు డబ్బా తెచ్చింది. ఊరి నుంచి తెచ్చుకున్నది, మూత మీద చుక్కలు చుక్కలుగా తన పేరు చెక్కి ఉంటుంది. పొగాకు పొట్లం, నీలం వస్తువు రెండూ అందులో వేసి, మూత పెట్టి, చుట్టూ పార్సిల్ టేపు తిప్పింది.

"నువ్వూ నేనూ ఇద్దరం ఉంటేనే తియ్యాలి. ఒక్కళ్ళే తియ్యకూడదు."

నాకు వచ్చిన ఇంగ్లీషులో వాడికి చెప్పాను. ఎన్నాళ్ళు అని అడిగాడు.

"ఇయ్యాల్టికి" అంది అక్క. "రేప్పొద్దున మళ్ళీ చూద్దాం."

ఇంకో మాట కూడా అంది. "మీ అమ్మకి నువ్వే చెప్పాలి. నేను చెప్పను. ఆవిడడిగితే మాత్రం దాచను." చెప్పడానికి వాడికి నాలుగు రోజులు పట్టింది. చివరికి వంటింట్లోనే స్పానిష్‌లో చెప్పాడు. మేడమ్ వాణ్ని పట్టుకుని ఏడ్చింది, తర్వాత మా ఇద్దరితో రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని. మూడో రోజు వాణ్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది, స్కూలుకీ తనే వెళ్ళి దొంగ సంతకం సంగతి చెప్పుకుంది. అక్క కూడా డాక్టర్‌నే నమ్మమంది. "మందు సంగతి ఆయన చూసుకుంటాడు. నాలుగింటప్పుడు నేను చూసుకుంటా" అంది.

నాలుగింటప్పుడు వాడికి బాగా గుంజేది. ఆమెకీ అప్పుడేనట. ఇద్దరూ సింకు దగ్గర నిలబడేవాళ్ళు. ఇక్కడ బజార్లో దొరికే నల్లటి ఎండు నిమ్మకాయలు పగలగొట్టి, తలా ఒక పెచ్చు బుగ్గన పెట్టుకుని, మీద బెల్లం నీళ్ళు తాగేవాళ్ళు. వాడు స్పానిష్‌లో తిట్టుకునేవాడు, ఆమె తెలుగులో. ఒకరిది ఒకరికి అర్థం కాదు, అందుకే మొహమాటం లేకుండా తిట్టుకునేవాళ్ళు. సగం అర్థమయ్యేది నాకొక్కదానికే, ఆ సగం రాయదగ్గది కాదు.

సాఫీగా ఏం సాగలేదు. వాడు స్కూల్లో స్నేహితుడిది పట్టుకుని రెండుసార్లు పీల్చాడు, వచ్చి తనే చెప్పాడు. నేనైతే అరిచేదాన్ని. అక్క "చెప్పావుగా. ఇయ్యాల్నించి మళ్ళీ" అని నిమ్మకాయ పగలగొట్టింది. ఒకసారి విసుగొచ్చి డబ్బా తీసుకొచ్చి తెరుద్దామన్నాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "తీద్దాం. నీది నువ్వు పీల్చు, నాది నేనేసుకుంటా." వాడు ఆమె మొహం చూసి, మూత మీద చెయ్యి తీసేశాడు. తన కోసం ఆగలేని రోజు ఆమె కోసం ఆగాడు.

ఆమెకూ అలాంటి రోజు వచ్చింది. అక్క తమ్ముడు పోయాడని మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోనొచ్చింది. వెళ్ళడానికి లేదు, టికెట్టు దొరికేసరికి అక్కడ అంతా అయిపోతుంది. ఆమె ఏడవలేదు. ఫ్రిజ్ మీది డబ్బా దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

"తీసుకోక్కా, ఈ పొద్దుకు ఎవరేమంటారు" అన్నాను.

"పిల్లోడు రావాలి" అంది.

రెండున్నర గంటలు అలాగే కూర్చుంది. బస్సు వచ్చింది. మతేయో బ్యాగు కింద పెట్టకుండానే డబ్బాని చూశాడు, ఆమెను చూశాడు. నేను సంగతి చెప్పాను. వాడు ఆమె పక్కన నేల మీద కూర్చుని, మూత మీద ఆమె చేతి పక్కనే తన చెయ్యి పెట్టాడు. అప్పుడు ఏడ్చింది. డబ్బా మళ్ళీ ఫ్రిజ్ ఎక్కింది. ఆ రోజు నిమ్మకాయ వాడే పగలగొట్టాడు.

మరుసటి ఏడాది వాడి చెల్లెలు లూసియా, అప్పటికి పదిహేనేళ్ళు, గులాబీ రంగు వస్తువొకటి తెచ్చి టేబుల్ మీద పెట్టి, నాది కూడా అందులో వెయ్యండి అంది. మేమెవరమూ కనిపెట్టలేదు. అన్నని చూసి తనే వచ్చింది. డబ్బా తెరిచింది ఆ ఒక్కసారే. అక్కా మతేయో మొహాలు గోడ వైపు తిప్పుకుని ముక్కులు మూసుకున్నారు, నాకు నవ్వాగలేదు. మళ్ళీ టేపు వేశాక రూల్ మారింది, ముగ్గురూ ఉంటేనే తియ్యాలి.

ముగ్గురూ మానేశారు. ఆమె బుగ్గ కూడా మామూలుగా అయింది, ఫోటోల్లో వేరే మనిషిలా ఉండేది. మతేయో టీమ్‌లో పూర్తి ఆట ఆడి, స్కూలు ముగించి, చదువుకి వాళ్ళ దేశం వెళ్ళాడు. మోకాళ్ళు అరిగి అక్క పోయిన ఏడు ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు గరిటెలతో సహా అన్నీ సర్దుకుంది, డబ్బా మాత్రం ఫ్రిజ్ మీదే ఉంచింది. "దుమ్ము తుడుత్తా ఉండు, దించకు" అని నాకు అప్పగించింది.

మొన్న ఆమె కూతురు మళ్ళీ ఫోన్ చేసింది. అమ్మ పేరున్న స్టీలు డబ్బా ఒకటి మీ దగ్గర ఉండిపోయిందట పిన్నీ, ఎవరైనా వచ్చేటప్పుడు పంపుతావా అంది. అడగదగ్గదే. తల్లి పేరున్న గిన్నె ఎవరు వదులుకుంటారు? కానీ పంపాలంటే తెరవాలి, లోపలివి పారెయ్యాలి. నాకేం పాలుపోక సాయంత్రం లూసియాతో చెప్పాను. ఆ పిల్ల అన్నకి వీడియో కాల్ చేసింది. అక్క పోయిన సంగతి వాడికి మేడమ్ చెప్పే ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"రూల్ ఏంటి?" అన్నాడు ఇంగ్లీషులో.

"ముగ్గురూ ఉండాలి" అంది లూసియా.

"అయితే ఇంక తెరవలేం" అన్నాడు.

అక్క కూతురికి ఫోన్ చేసి జరిగిందంతా మొదటి నుంచీ చెప్పాను. నా బియ్యం సంగతి కూడా దాచలేదు. తల్లి పొగాకు ఎలా మానిందో ఆ పిల్లకి ఇన్నాళ్ళూ తెలీదు. అంతా విని, "అక్కడే ఉండనీ పిన్నీ" అంది.

నేను ఫోన్ పెట్టేసేసరికి లూసియా స్టూలెక్కి డబ్బా దించింది. పాత టేపు వేడికి ముడుచుకుపోయి అంచులు లేచాయి. కొత్త టేపు తెచ్చి దాని మీదే గట్టిగా నొక్కుతూ చుట్టింది. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు. అయినా మూత మీది అక్షరాల దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగి, వాటి మీద పడకుండా టేపుని పక్కకి తిప్పింది.