రెండు కార్డులు, ఒక మనిషి

మల్లయ్య దగ్గును ఇన్నేళ్ళూ మోశాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా తాత ముందు చెప్పులు తొడుక్కుని నడిచినవాడు లేడు. భూములు పోయాక నేను గుమాస్తానయ్యాను, జీడిమెట్లలోని ఒక మందుల ఫ్యాక్టరీకి పట్నంలో ఉన్న ఆఫీసులో. ఎమర్జెన్సీకి ముందు రోజులు. ఆ ఉద్యోగమంటే అసహ్యం. పక్క కుర్చీల్లో చాయ్ జుర్రుకునేవాళ్ళంటే మరీ అసహ్యం.

ప్రతి కూలీకి రెండు కార్డులుండేవి. ఒకటి ఫ్యాక్టరీలో, ఒకటి మా దగ్గర. వారం వారం ఫ్యాక్టరీ కార్డులు సంచిలో వచ్చేవి. ఒకదాంట్లో మారింది రెండోదాంట్లో ఎక్కించి పంపాలి. రెండూ మారి, ఒకదానికొకటి పొసగకపోతే ఏదీ కొట్టెయ్యకూడదు. రెండింటినీ దారంతో కట్టి, ఆ మనిషిని పిలిపించి అడగాలి. కూలీని పిలిచి అడగడమా, నేను? చివర రాసిందే నిజమనుకుని, మొదటిది చించేసి, కొత్త నకలు పంపేవాణ్ణి. చివర మాట్లాడినవాడిదే న్యాయమయ్యే పంచాయతీ ఎక్కడైనా ఉందా?

మల్లయ్య ఊపిరితిత్తులు బాగాలేవని, ఆసిడ్ షెడ్డుకు పంపకూడదని ఫ్యాక్టరీ కార్డులో డాక్టరు రాశాడు. మర్నాడు మా కార్డులో మేనేజరు అతన్ని ఆ షెడ్డుకే మార్చాడు. డాక్టరు మాట మేనేజరుకు తెలియదు. నాకు తెలుసు. చదివాను. చదివే చించాను.

ఎందుకు? అంతకుముందు ఫ్యాక్టరీ గేటు దగ్గర నన్ను చూసి కూడా అతను బీడీ దాచలేదు. అందుకేనా? అందుకే.

కొన్నాళ్ళకు ఆఫీసుకు వచ్చాడు, దగ్గుతూ.

"జర చూడుండ్రి సార్. డాక్టర్ సాబ్ రాసిండు గద, మల్ల నన్ను ఆసిడ్ల ఎందుకేసిన్రు?"

"నీ కార్డుల అసుంటిదేం లేదు."

"నా ముంగటనే రాసిండు సార్."

"లేదంటున్న గదరా. పో."

నా మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు.

"మీరు దొరోళ్ళు, అబద్ధమెందుకాడ్తరు. ఆ డాక్టరే మర్సినట్టున్నడు తియ్యి."

వానలు పడేసరికి పనికి రావడం మానేశాడు. దవాఖానలో ఉన్నాడన్నారు. నేను వెళ్ళలేదు. దసరా దాటాక పోయాడని కబురొచ్చింది. ఆ వారం రెండు కార్డుల్లోనూ ఒకే మాట ఉంది. దారం అక్కర్లేకపోయింది.

డాక్టరు మరిచిపోలేదు మల్లయ్యా, రాశాడు. చించింది నేను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించగలవాడు మీరు కాదు. చెప్పాక గుండె కాస్త తేలికైంది. ఆ తేలికదనమంటే కూడా నాకు అసహ్యమే.