ఇడ్లీ రేకుల్లో సీసం

సిక్కింలో మా పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. రెండువేల నాలుగు, అక్టోబరు. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. వీపున ఇరవై రెండు కిలోల బరువు, కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు. బంకరులో ఆరుగురం, ఒక కిరోసిన్ స్టవ్వు. తాడేపల్లిగూడెం ఉక్కపోతను జీవితమంతా తిట్టుకున్నవాణ్ణి, వారం తిరక్కుండానే దానికోసం మొహం వాచిపోయాను.

పొద్దున నాలుగు నుంచి ఎనిమిది దాకా నాది కాపలా. కింది నుంచి సరుకులు మోసుకొచ్చే జట్టుకు దారి చెప్పాలి. "కుడి పక్క మంచు గుల్లగా ఉంది, తాడు వదలొద్దు" అని రేడియోలో అరిచేవాణ్ణి. ప్రమాదం ముందే పసిగట్టడంలో నన్ను మించినవాడు లేడని మా సుబేదారు అనేవాడు.

ఇంటి దగ్గర మాది సీసం పని. పాత సీసం కరిగించి, చిల్లుల్లేని పాత ఇడ్లీ రేకుల్లో పోసి దిమ్మలు తీస్తాం. కొల్లేటి పల్లెల్లో చేపలు పట్టేవాళ్ళు వాటిని కొనుక్కెళ్ళి విసురువలలు మునిగేందుకు బరువు గుళ్ళు చేసుకుంటారు. సెలవుకు వెళ్ళినప్పుడల్లా ఏడాదికి సరిపడా నేనే పోసి వచ్చేవాణ్ణి. ఆ ఏడు మాత్రం మా తమ్ముడు సూరిబాబు ఎరువుల కొట్లో పని మానేసి, పెరట్లో నా పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

పదిహేను రోజులకోసారి ఐదు నిమిషాలు ఫోను. డిసెంబరు మొదట్లో నా వంతు వచ్చింది. మా ఆవిడ ఇంటి సంగతులు రెండు ముక్కల్లో తేల్చేసి సూరిబాబు దగ్గరికి వచ్చింది.

"మీ తమ్ముడి చేతిలో ఏదో ఉందండీ. దిమ్మలు అద్దాల్లా వస్తున్నాయి. మీరు పోసినవాటికంటే బాగున్నాయని ఆకివీడు నుంచి వచ్చినాయన కూడా అన్నాడండీ."

ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళు నేను చేతులు కాల్చుకున్నాను. ఆవిడ ఒక్కసారి కూడా నాతో ఆ మాట అనలేదు. నేనిక్కడ మంచు కరిగించుకు తాగుతుంటే, వాడు నా పీట మీద కూర్చుని, నా భార్య ఇచ్చిన టీ తాగుతూ మెప్పులు కొట్టేస్తున్నాడు. నిజంగానే బాగుండి ఉంటాయి. వాడి చెయ్యి నిలకడైనది. అదే మరీ కాల్చింది. అసూయే అది, వేరే పేరు పెట్టను.

"ఎలా తీస్తున్నాడు?" అన్నాను.

"మనం ఇడ్లీలు తీస్తామే, అలాగేనండీ. రేకు మీద నీళ్ళు చల్లుతున్నాడు. టక్కున ఊడొచ్చేస్తున్నాయి. వెంటనే ఇంకో వాయి పోసేస్తున్నాడు."

రేకులో ఒక్క తడి చుక్క మిగిలితే చాలు, దానిమీద సీసం పడగానే పేలి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. నేనైతే ప్రతి వాయికీ రేకును నిప్పుల మీద ఆరబెట్టేవాణ్ణి. ఆ సంగతి వాడికెప్పుడూ చెప్పలేదు. అసలు గరిటె ముట్టనిస్తే కదా.

చెప్పాల్సింది ఒక్క ముక్క. "నీళ్ళు చల్లొద్దను" అని.

మా రేడియో ఆపరేటర్, కామవరపుకోట కుర్రాడు, గడియారం చూశాడు. "ఇంకా రెండు నిమిషాలున్నాయండీ. మాట్లాడండి గురువుగారూ."

"మంచిది, కానివ్వమను" అని ఫోను పెట్టేశాను. ఒకసారి వేలు కాలితే తెలిసొస్తుంది అనుకున్నాను. వేలే అనుకున్నాను.

మర్నాటికి కోపం దిగింది. నా వంతు కాకపోయినా తొమ్మిదింటికి ఫోను దగ్గరికి వెళ్ళాను. అప్పటికే మంచు తుఫాను మొదలైంది. "లైను పోయిందండీ" అన్నాడు ఆపరేటర్. ముప్పై నాలుగు రోజులు అదే మాట. రేడియోలో కింది క్యాంపుకు చెప్పి ఇంటికి కబురు పంపించమని అడగొచ్చు. ఇడ్లీ రేకుల గొడవ సుబేదారుకు చెప్పడానికి సిగ్గేసింది. అడగలేదు.

లైను వచ్చాక మా ఆవిడ ఏడుస్తూ చెప్పింది. సూరిబాబు ఎడమ కన్ను. ఏలూరు తీసుకెళ్ళినా దక్కలేదు.

మే నెలలో కిందికి దిగాను. తాడేపల్లిగూడెం స్టేషనుకు సూరిబాబే వచ్చాడు. వద్దంటున్నా నా పెట్టె లాక్కుని కుడి భుజానికెత్తుకున్నాడు.

"తడి తగిలితే పేలుద్దని నీకూ తెలీదు కదన్నయ్యా. తెలిస్తే చెప్పకుండా ఉంటావా" అన్నాడు.

తల ఊపాను. ఆనాటి ఫోను మాట మా ఆవిడ ఈ రోజు వరకూ ఎత్తలేదు.

నేను వాడికి ఎడమ పక్కన నడుస్తున్నాను. ప్లాట్‌ఫారం చివర ఏదో చెప్పబోయి, నేను కనబడక, వాడు మెడ మొత్తం తిప్పి నాకోసం వెతికాడు. కనబడగానే నవ్వాడు.