అయిదుంపావు అంగుళాల బేరం

మూడున్నర వేలు చెప్పిన వస్తువును పద్దెనిమిది వందలకు తెచ్చినవాణ్ణి నేను. అదీ ఖమ్మంలో, పాత కంప్యూటర్లను తుక్కు కింద కొని అమ్మే మనిషి దగ్గర. పాల్వంచలో నా ఎలక్ట్రికల్ షాపు ఉన్న వరసలో ఎవరినైనా నిలబెట్టి అడగండి, ఇంత బేరం ఎవరైనా చేశారేమో. పదకొండు రోజులు పట్టింది. తొందరపడలేదు. మొహంలో అవసరం కనిపించనివ్వలేదు. రెండుసార్లు ఉత్తచేతులతో లేచి వచ్చేశాను. మా నాన్న కిరాణా కొట్టులో గల్లాపెట్టె పక్కన కూర్చుని నేర్చుకున్న విద్యంతా ఆ ఒక్క డ్రైవు మీదే ఖర్చుపెట్టాను. నా జన్మలో అంత బాగా చేసిన బేరం ఇంకొకటి లేదు. చేయకుండా ఉండాల్సిన బేరం కూడా అదే.

డ్రైవు నాకోసం కాదు, నా దోస్తు కోసం. వాడు థర్మల్ ప్లాంటులో మీటర్లు బాగుచేసే సెక్షన్లో షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ల కింద సోల్డరింగ్ వైరు కోసం మొదటిసారి నా షాపుకు వచ్చినప్పుడు, చెప్పిన రేటు చెప్పినట్టు ఇచ్చేసి పోయాడు. బేరమాడని మనిషిని చూస్తే నాకు జాలి. జాలిపడుతూనే పూర్తి రేటు తీసుకునేవాణ్ణి. అట్లా మొదలైంది మా స్నేహం.

ఆ రోజుల్లోనే ఏదో ఆఫీసు వేలంలో వాడొక కంప్యూటరు కొని క్వార్టర్‌కు తెచ్చుకున్నాడు. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చే రకం. వాడి భార్య చర్చిలో సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పేది. పాటలు ఆమే రాసేది, వరసలు ఆమే కట్టేది. ఒక క్రిస్మస్ సెలవుల్లో ఆమె ఒక్కో ముక్క పాడుతుంటే, వాడు ఒక్కో స్వరాన్ని ఒక్కో అంకెగా మార్చి ప్రోగ్రాములో ఎక్కించాడు. సాయంత్రానికి ఆ డబ్బా కుయ్యి కుయ్యిమంటూ పాట పాడింది. కాలనీ పిల్లలంతా వచ్చి చూశారు. "పాపం దీనికి జలుబు చేసినట్టుంది," అని ఆమె నవ్వడం నాకూ గుర్తుంది. ఆ పాటను వాడు ఫ్లాపీలో దాచాడు. చిన్న పళ్లెమంత, మెత్తగా వంగే నల్ల అట్టముక్కలాంటిది.

ఆమె పోయి మూడేళ్లయింది. ఆమె పాడిన క్యాసెట్లు భద్రాచలంలో పుట్టింట్లో ఉండేవి, ఒక వానాకాలం గోదారి ఇంట్లోకి వచ్చినప్పుడు అటకతో సహా తడిసిపోయాయి. పాట మాటలు ఆమె నోటుబుక్కులో ఉన్నాయి. వరస మాత్రం ఎవరికీ రాదు. అప్పుడు నేర్చుకున్న పిల్లలు పెద్దవాళ్లై ఎటెటో పోయారు, చర్చిలో ఇప్పటి పిల్లలు వేరే పాటలు పాడుతున్నారు. ఒకరోజు అడిగాను, నీ పెళ్లాం పాట నీకే రాదా అని.

"నేనెప్పుడు విన్నరా? నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకునేటోణ్ణి. ఆమె వంటింట్ల పాడుకునేది. కంప్యూటర్ల ఎక్కించిననాడు గూడ అంకెలే చూసిన, పాట వినలే. పాడుతనే ఉంటది గద, ఎప్పుడన్న వినొచ్చులే అనుకున్న," అన్నాడు.

వాడికి ఒక చెవి చిన్నప్పుడే పోయింది. రెండోది రిటైరయ్యాక తగ్గడం మొదలుపెట్టింది. చెవికి మిషన్ పెట్టించారు. మొన్న ఎండాకాలం ఖమ్మంలో డాక్టరు చెవి నరం ఎండిపోతోందని, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని అన్నాడు. వాడు బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా నా షాపుకొచ్చి, బిస్కెట్ల డబ్బాలోంచి పన్నెండు ఫ్లాపీలు తీసి కౌంటరు మీద పరిచాడు.

"వీటిల్నే ఏదో ఒకదాంట్ల ఉన్నది ఆమె పాట. ఈ చెవి పొయ్యేలోపల ఒక్కసారి వినాలె రా. ఒక్కసారి చాలు."

"మరి నీ పాత డబ్బా ఏది?"

"క్వార్టర్ ఖాళీ చేసిననాడు తుక్కోనికి ఇచ్చిన."

"ఎంతకు?"

"ఊరికే."

నేను తల పట్టుకున్నాను.

ఇప్పటి ల్యాప్‌టాప్‌కు ఆ ఫ్లాపీ ఏమిటో తెలియదు. ఆ కాలపు డ్రైవుకు ఇప్పటి యూఎస్‌బీ తెలియదు. ఇద్దరి మధ్య మాటలు అటూ ఇటూ చేర్చే దుబాసీ ఒకటి కావాలి. దాన్ని తానే తయారుచేస్తానన్నాడు వాడు. అగ్గిపెట్టెంత బోర్డు, దానికో చిప్పు. ఒకవైపు యూఎస్‌బీ వైరు, ఇంకోవైపు ముప్పై నాలుగు తీగల చదును కేబులు. ఎట్లా చేయాలో ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. నా షాపు వెనక గదిలో బల్ల వేసుకున్నాడు. భూతద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, తీగ తీగనూ అతికించాడు. పనిచేస్తుందా లేదా చూడ్డానికి ఎవరిదో చిన్న ఫ్లాపీ డ్రైవు అడిగి తెచ్చాం. మొదటి రోజు కేబులు తిరగేసి పెట్టాడు, డ్రైవు ఎర్రలైటు వెలిగి ఆరలేదు. "లైటు ఆర్తలేదంటే తలకిందులు పెట్టినట్టే," అని తనను తానే తిట్టుకుని మళ్లీ పెట్టాడు. ఈసారి లైటు ఆరింది. తెర మీద ఫైళ్ల పేర్లు బిలబిలమంటూ వచ్చేశాయి. వాడు నా వీపు మీద ఒక్కటి చరిచాడు, సాయంత్రం దాకా మండింది.

ఇక కావాల్సింది పెద్ద ఫ్లాపీలు చదివే డ్రైవు ఒక్కటే. అయిదుంపావు అంగుళాలది. అదెక్కడా లేదు. నాలుగైదు ఊళ్లకు ఫోన్లు చేస్తే చివరికి ఖమ్మంలో మార్కెట్ యార్డు దగ్గరి తుక్కు కంప్యూటర్ల మనిషి తన దగ్గర ఒకటుందన్నాడు. నా దోస్తు చొక్కా వేసుకుని బయల్దేరబోయాడు. నేనే ఆపాను.

"నువ్వు పోతే వాడెంతంటే అంత ఇచ్చి వస్తవ్."

"ఎంతంటే అంత ఇచ్చి తేరా. పైసలు నావే గద."

"పైసలు నీవే. పరువు నాది," అన్నాను.

మా ఇంట్లో బేరానికి ఒక పద్ధతి ఉంది. కావాల్సిన వస్తువును ముందు చూడకూడదు. పక్కనున్నదాని రేటు అడగాలి. ఎందుకు కావాలో చెప్పకూడదు, చెబితే అవసరానికి కూడా రేటు కడతారు. ఆఖరి మాట చెప్పి లేచి నడవాలి. మెల్లగా నడిచి సందు మలుపు దగ్గర చెప్పు సర్దుకోవాలి. ఆలోపు వెనక నుంచి పిలుపు వస్తుంది. చిన్నప్పుడు మా నాన్న వేలు పట్టుకుని ఎన్ని మలుపుల దగ్గర నిలబడ్డానో.

ముందు కీబోర్డు రేటు అడిగాను. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు డ్రైవు వైపు గడ్డం ఎత్తాను.

"మూడున్నర వేలన్నా. గిసొంటిది మళ్ల దొరకదు."

"దొరకనిదాన్ని కొనేటోడు గూడ దొరకడు. ఎనిమిది వందలిస్త."

వాడు నవ్వి టీ తాగడం మొదలుపెట్టాడు. నేను లేచాను. మలుపు దగ్గర చెప్పు ఎంతసేపు సర్దినా పిలుపు రాలేదు. బస్సెక్కి వచ్చేశాను.

"ఏడ? తెచ్చినవా?" షట్టరు దగ్గరే నిలబడి ఉన్నాడు నా దోస్తు.

"నానబెట్టొచ్చిన. నాలుగు రోజులు మెత్తబడని."

వాడు మిషన్ సర్దుకుని మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను, ఈసారి గట్టిగా.

ఆరో రోజు మళ్లీ పోయాను. రేటు రెండువేల నాలుగొందలకు దిగింది. నేను పదిహేను వందల దగ్గర కూర్చున్నాను. లేచి నడిచాను. ఈసారి పిలుపు వచ్చింది. "అన్నా, రెండువేల మూడొందలు! తీస్కపో!" నేను వెనక్కి తిరగలేదు. ఒకసారి పిలిచినవాడు రెండోసారీ పిలుస్తాడు, అప్పుడు ఇంకా తగ్గుతాడు. ఇది మా నాన్న చెప్పలేదు, నేనే కనిపెట్టాను.

ఆ సాయంత్రం నా దోస్తు వెనక గదిలో బోర్డు తుడుస్తూ అన్నాడు. "ఇచ్చెయ్ రాదురా. ఇయ్యాల పొద్దున కుక్కర్ విజిల్ వినబడలే నాకు."

"గ్యాస్ అయిపొయ్యుంటది, చూస్కో," అన్నాను. నవ్వాడు. మంచి జోకు వేశానని నేనూ అనుకున్నాను.

తర్వాత వాడు అడిగినప్పుడల్లా విసుగొచ్చింది. చివరి రెండు రోజులు వాడు వచ్చే వేళకు గల్లాపెట్టె దగ్గర పనివాణ్ణి కూర్చోబెట్టి బయటికి పోయాను. పదకొండో రోజు మొదటి బస్సుకే ఖమ్మం వెళ్లి పద్దెనిమిది వందలకు ఖాయం చేశాను. డబ్బు లెక్కపెట్టుకుంటూ అడిగాడు ఆ మనిషి, ఇంతకీ దీన్నేం చేస్తావని. బేరం అయిపోయింది కాబట్టి చెప్పాను. దోస్తు సంగతి, చెవి సంగతి, పాట సంగతి.

వాడు లెక్కపెట్టడం ఆపాడు. "ముందుగాల్నే చెప్పరాదా అన్నా? వెయ్యికే ఇస్తుంటి. నువ్వేదో మళ్ల అమ్ముకుంటవనుకున్న."

తిరుగు బస్సులో ఎవరిదో మిరపకాయల మూటలు. బస్సంతా దగ్గు. డ్రైవును ఒళ్లో పెట్టుకుని, ఆ మాటను పట్టుకుని, అయ్యో ఇంకో ఎనిమిది వందలు తగ్గేది కదా అని దారంతా ఏడ్చాను. నేను ఆ రోజు ఏడ్చింది దానికే. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

షాపుకు చేరేసరికి వెనక గదిలో నా దోస్తు తలుపుకు వీపు పెట్టి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. గుమ్మంలోంచే అరిచాను. "పద్దెనిమిది వందలు!" తిరగలేదు. "ఏరా, పద్దెనిమిది వందలకు తెచ్చిన!" తిరగలేదు. మూడోసారి వీధికి వినబడేలా అరిచాను. నీడ బల్ల మీద పడ్డాక తలెత్తి చూశాడు.

"ఎప్పుడొచ్చినవ్?" అన్నాడు, ఉండాల్సిన దానికన్నా చాలా గట్టిగా. తర్వాత నోటుబుక్కూ పెన్నూ నా వైపు తోశాడు. "రాసి చెప్పు. మొన్న పొద్దున లేచేసరికి ఏం లేదురా. బ్యాటరీ మార్చి చూసిన, మిషన్ మార్చి చూసిన. నిన్న ఖమ్మం పొయ్యి చూపించుకున్న. ఇగ రాదన్నడు డాక్టర్."

నేను పెన్ను తీసుకున్నాను. నిన్న ఖమ్మంలోనే ఉన్నాడు. ఆ తుక్కు షాపు ముందు నుంచే ఆటోలో పోయి ఉంటాడు. నా మొహం చూసి అర్థం చేసుకున్నట్టున్నాడు.

"ఆ షాపు చూసిన. నువ్వు బేరంల ఉన్నవు గద, నడిమిట్ల పొయ్యి చెడగొట్టుడెందుకని దిగలే."

ఏదో ఒకటి రాయాలి. ముప్పై ఏళ్ల దోస్తు చెవి పోయాక వాడికి నేను రాసిచ్చిన మొదటి మాట "1800".

వాడు చదివి, కళ్లెత్తి, నిజంగానే మెచ్చుకున్నాడు. "మస్తు తగ్గించినవ్ రా."

అయినా పని ఆపలేదు. ఫ్లాపీలకు బూజు పట్టింది. ఒక్కొక్కదాన్నీ స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి డ్రైవులో పెట్టాడు. కొన్ని గరగరమని గీసుకుపోయాయి. ఆ గరగర నాకే వినబడుతోంది, నేను చెయ్యెత్తితే వాడు ఆపేవాడు. ఏడో ఫ్లాపీలో దొరికింది. తెర మీద అంకెల వరసలు, పైన ఆమె పేరు. వాడు వేలితో ఆ పేరును ఒకసారి తడిమి, మీట నొక్కి, నా వైపు తిరిగి కూర్చున్నాడు.

పాట వచ్చింది. నాకు సంగీతం తెలియదు. సన్నటి కీచు గొంతు, జలుబు చేసిన గొంతు, మెట్లు ఎక్కినట్టు పైకెక్కి, పైన కాసేపు ఆగి, దిగాలా వద్దా అన్నట్టు దిగింది. వాడు తెరను చూడటం లేదు. నా మొహాన్ని చూస్తున్నాడు.

"వస్తున్నదా?"

తలూపాను.

"ఎట్లున్నది?"

"బాగుంది" అని రాశాను.

"బాగుందని అందరంటరు. ఎట్ల బాగున్నది?"

ఒక సీలింగు ఫ్యాను గురించి అరగంట పొగడగలను నేను. ఆ కాగితం మీద ఇంకో ముక్క రాయలేకపోయాను. పాడి చూపిద్దామంటే పాడినా వాడికి చేరదు. లేచి షాపులోకి పోయి, పెళ్లిళ్లకు కిరాయికిచ్చే పెద్ద సౌండు బాక్సు మోసుకొచ్చి ల్యాప్‌టాప్‌కు కలిపాను. వాడు రెండు అరచేతులూ దాని మీద ఆనించి, కళ్లు మూసుకుని, పాటంతా అట్లాగే కూర్చున్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి కూడా. తర్వాత చేతులు తీసేశాడు.

"కొట్టుడు తెలుస్తున్నది. పాట తెలుస్తలేదు."

లేచి, బల్ల తుడిచి, బోర్డునూ కేబులునూ జాగ్రత్తగా చుట్టిపెట్టి, జేబులోంచి డబ్బు తీశాడు. "బిల్లు రాయ్." వద్దని చేతులూపినా వినలేదు. రాశాను. బోర్డు తొమ్మిది వందల యాభై, కేబులు నూట యాభై, కరెంటు అడాప్టరు నాలుగు వందలు, డ్రైవు పద్దెనిమిది వందలు. మొత్తం మూడువేల మూడు వందలు. దేని మీదా నా లాభం వేయలేదు. ముప్పై ఏళ్లలో వాడికి అట్లా రాసిన బిల్లు అదే మొదటిది. ఎప్పటిలాగే బేరమాడకుండా ఇచ్చేశాడు.

వాడు పోయాక ఇంకో బిల్లు రాశాను, నాకోసం. డ్రైవు మీద తగ్గించింది పదిహేడు వందలు. అందుకోసం తిరిగిన రెండో, మూడో ప్రయాణాల బస్సు కిరాయి అయిదు వందల ఇరవై. టిఫిన్లు, టీలు రెండు వందలు. ఆ రెండు రోజులూ షాపు సరిగా నడవక పోయిన లాభం, తక్కువలో తక్కువ, పన్నెండు వందలు. ఖర్చు పంతొమ్మిది వందల ఇరవై. తీసేస్తే నికరంగా రెండు వందల ఇరవై రూపాయల నష్టం. వాడి చెవి పోయింది తొమ్మిదో రోజు పొద్దున. అడిగినంత ఇచ్చి మొదటి రోజే తెచ్చి ఉంటే చేతిలో ఎనిమిది రోజులుండేవి. పాట నిడివి నలభై సెకన్లు.